ఇద్దరికి ఒకడు

లింగియాడీహ్, బిలాస్‌పూర్
20 ఏప్రిల్ 2025

చెల్లి చిన్నమ్మికి,

అప్ప అచ్చియమ్మ రాయిస్తున్నది. రాస్తున్నవారు మా పక్కింటి రమణమూర్తి మేష్టారు. రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోతే నేనే ఆపాను. ఇక్కడ కుశలం లేదు. అక్కడ ఉండాలని నేను కోరుకోవడం లేదు.

ఫోను చేస్తే నువ్వు ఏడుపు మొదలుపెడతావు, ఏడుపు మధ్యలో కట్ చేస్తావు. నాలుగుసార్లు అలాగే చేశావు. కాగితాన్ని కట్ చెయ్యలేవు. చింపగలవు. చింపితే ఇంకొకటి రాయిస్తాను. మేష్టారికి పని లేదు, నాకు చావు లేదు.

విషయం ఇది. నీ కొడుకు త్రినాథరావు నా మనవడు రాజేంద్రని మార్చి ఐదో తారీకున విమానం ఎక్కించాడు. థాయిలాండ్ వెళ్ళడానికి మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, చూడ్డానికొచ్చామని దిగితే అరవై రోజులు ఉండనిస్తారు, ఆ అరవై రోజుల్లో పని చూపించి అక్కడే వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టిస్తాను అన్నాడు. నా ఇంట్లో, నా మంచం మీద కూర్చుని అన్నాడు. హోటల్లో కంప్యూటర్ పని అన్నాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాడు, సీపత్‌లో కాంట్రాక్టరు దగ్గర సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నవాడు, పైకొస్తాడు అనుకున్నాను.

రాజేంద్ర తొమ్మిది రోజులు బాంకాక్‌లో ఒక గదిలో ఉన్నాడు. పదో రోజున, దరఖాస్తు తీసుకునే ఆఫీసు వేరే ఊళ్ళో ఉందని కారెక్కించారు. ఎనిమిది గంటల ప్రయాణం. చెరుకు తోటల్లో దింపి, నడిపించి, పడవెక్కించి నది దాటించారు. అవతల దేశం పేరు మయన్మార్ అంటున్నారు మేష్టారు. మన తాతల నోట్లో బర్మా. వెళ్ళినట్టు ముద్ర వేసినవాడు లేడు. ఆ పాస్‌పోర్టు కూడా లాక్కున్నారు.

ఇదంతా నాకెలా తెలుసంటావా? పదిహేను రోజులకొకసారి వాళ్ళని ఇంటికి వీడియో ఫోను చెయ్యనిస్తారు, అంతా బాగుందని చెప్పడానికి. పక్కన కాపలావాడు నిలబడతాడు. వాడికి హిందీ వచ్చు, తెలుగు రాదు. మా గుంటడికి తెలుగు చదవడం రాదు, బజార్లో తెలుగు మాట్లాడడు, నాతో ఒక్కదానితోనే మాట్లాడతాడు. ఆ తెలుగులో, నవ్వు ముఖం పెట్టి చెప్పాడు.

"నాన్నమ్మా, నవ్వతా ఇను. ఏడిసేవంటే ఈడికి తెలిసిపోద్ది. ఇక్కడ పదిహేడు గంటలు కూకోబెట్టి, ఆడోళ్ళ ఫొటోలు పెట్టించి, ఫోన్లో జనాల్ని మోసం సేయిస్తన్నారు. దినానికి ఇంతమంది పడాల. పడకపోతే కరెంటు కర్ర పెడతన్నారు. అరికాళ్ళ మీద కొడతన్నారు. సేతుల మీద మాత్రం కొట్టరు. టైపు సెయ్యాల కదా."

నేను నవ్వాను చిన్నమ్మీ. పళ్ళు బయటపెట్టి నవ్వాను. నీ కొడుకు పీక నా రెండు చేతుల మధ్య ఉందనుకుని నవ్వాను.

నాకు కావలసింది ఒక్కటే. త్రినాథ ఎక్కడున్నాడు? రాజేంద్రని ఎవరి చేతిలో పెట్టాడో వాడి పేరు నాకు కావాలి.

మేష్టారు ఇక్కడ రెండు మాటలు రాయనన్నారు. అవి నీ కొడుకు పుట్టుక గురించి. రాస్తే నీ మీదకొస్తాయి, నీ మీదకొస్తే మన అమ్మ మీదకొస్తాయి. అందుకని వదిలేశాను.

అచ్చియమ్మ
(వేలిముద్ర)


నౌపడ
2 మే 2025

అప్పకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పోస్టుమేన్ వీధిలో నిలబడి నా పేరు గట్టిగా పిలిచి సంతకం పెట్టించుకున్నాడు. ఎవరు రాశారు, ఏమిటి అని అందరూ అడిగారు. ఆరోగ్యం బాగాలేక అప్ప రాసింది అన్నాను.

త్రినాథ ఇక్కడ లేడు. ఉగాదికి కూడా రాలేదు. ఫోను కలవడం లేదు. వాడినీ ఎవరో మోసం చేసి ఉంటారు. వాడు అంత చెడ్డవాడు కాడు అప్పా. చిన్నప్పుడు నాలుగేళ్ళు నీ క్వార్టర్లో ఉండి చదువుకున్నాడు, నీకు తెలియదా? పొరుగువాళ్ళ పిల్లలు ఉప్పుమళ్ళలో మాడిపోతున్నారు, నలుగురికీ దారి చూపిద్దామని చేశాడు. ఈ ఎండలకి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇంటి మీద స్లాబు వేయిస్తున్నాము, మేస్త్రీలకి వండిపెట్టడంతోనే సరిపోతోంది.

ఒక మాట అడుగుతాను, కోపగించకు. రాజేంద్ర వెళ్ళనన్నాడట కదా. అప్పట్లో త్రినాథ చెప్పాడు. వెళ్ళమన్నది ఎవరు? మీ బావ కాగితం చేత్తో పట్టుకుని వచ్చాడేటి అని నువ్వు నాతో కూడా ఫోన్లో అన్నావు. ఇప్పుడు తప్పంతా నా కొడుకుదే అయిపోయింది.

నాకు వచ్చిన అయిదో తరగతి చదువుతో ఇంతకన్నా రాయలేను. రాజేంద్ర క్షేమంగా వస్తాడు. ఎండలమ్మకి మొక్కుకున్నాను.

నీ చెల్లెలు
చిన్నమ్మి


లింగియాడీహ్
14 మే 2025

చిన్నమ్మికి,

ఉత్తరం చదివించుకున్నాను. రెండోసారి కూడా చదవమన్నాను. ఫోను కలవని కొడుకు స్లాబు ఎలా వేయిస్తున్నాడో మేష్టారికి బోధపడలేదు. నాకు బోధపడింది.

నువ్వు అడిగినదానికి జవాబు. అవును. పంపింది నేనే.

మీ బావ డెబ్బై ఆరులో టిక్కెట్టు లేకుండా బిలాస్‌పూర్‌లో దిగాడు. రైలింజన్ల షెడ్డులో ఒక కళాసీకి జబ్బు చేస్తే వాడి పేరు మీద డ్యూటీకి దిగాడు. ఏడు నెలలు ఇంకొకడి పేరుతో బొగ్గు ఎత్తాడు. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు. తరవాత సాహెబు చూసి, పని బాగుందని, సొంత పేరు మీద కాగితం ఇచ్చాడు. మా కాలనీలో సగం ఇళ్ళు ఇలాగే నిలబడ్డాయి. ముందు డ్యూటీ, తరవాత కాగితం. మాకు అది తప్పు కాదు, దారి. చూడ్డానికని దిగి, పనిలో చేరి, పర్మిట్ తరవాత తెచ్చుకోవడం అని నీ కొడుకు చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. షెడ్డు గేటు కాస్త దూరమైంది అనుకున్నాను.

రాజేంద్ర మాత్రం ఫోన్లో చదివి వచ్చాడు. "నాన్నమ్మా, సూడ్డానికని ఎల్లి పని సెయ్యకూడదట. పనికి వేరే వీసా కావాలట, పర్మిట్ వచ్చేకే పని ముట్టుకోవాలట. లేపోతే జైలట" అన్నాడు.

"మీ తాత జైలుకెల్లాడేటిరా?" అన్నాను.

"తాత టైం వేరు నాన్నమ్మా. నేను పోను. బస్, అంతే."

కొట్టాను. ఇరవై నాలుగేళ్ళవాడిని, మీసాలొచ్చినవాడిని, వీధి గుమ్మంలో నిలబెట్టి చెంప మీద కొట్టాను. "నీలాటోడైతే మీ తాత ఈపాటికి నౌపడలో ఉప్పు గోక్కుంటా ఉండేవోడు" అన్నాను. నా వేళ్ళు ఎర్రగా చెంప మీద ఉండగానే వాడు రాయపూర్ బండెక్కాడు. తిరిగి చూడలేదు.

ఆ దెబ్బకి నేను జవాబు చెప్పుకుంటాను, వాడికి చెప్పుకుంటాను. నీ కొడుకు దెబ్బకి నీ కొడుకు చెప్పాలి. రెండూ కలిపి కుండలో వేసి కలియబెట్టకు.

అరవై రోజులూ మే మూడుతో అయిపోయాయి. ఇప్పుడు వాడు పారిపోయి నది ఇవతలకొచ్చినా గడువు మీరినవాడే, దొంగదారిన సరిహద్దు దాటినవాడే. పారిపోతే పోలీసులు నిన్నే పట్టుకుంటారు అని లోపల వాళ్ళే భయపెడతారట.

ఠాణాకి వెళ్ళాను. రిపోర్టులు రాసే మున్షీ కుర్రవాడు అంతా విని, "దాదీ, కోయీ జబర్దస్తీ లే గయా క్యా? ఖుద్ గయా నా" అన్నాడు. ఎవరూ ఎత్తుకుపోలేదు, తనంతట తాను వెళ్ళాడు కదా అని. వాడి టేబుల్ మీద ఉన్న గాజు పలకని చేత్తో కొట్టాను. పగిలింది. నా చెయ్యి కూడా పగిలింది. రక్తం వాడి రిజిస్టరు మీద పడుతుంటే లేచి నిలబడి, తప్పిపోయినవాడి కింద రిపోర్టు రాసుకున్నాడు.

పదో తారీకున రాజేంద్ర ఫోను వచ్చింది. ఎడమ చెవి దగ్గర రక్తం ఎండి నల్లగా ఉంది. తెలుగులో రెండు మాటలు అన్నాడో లేదో, కాపలావాడు ఫోను లాక్కుని ఆ ఫోనుతోనే అదే చెవి మీద కొట్టాడు. బొమ్మ ఊగిపోయింది, చప్పుడు మాత్రం వినిపించింది. వాళ్ళకి తెలిసిపోయింది. ఇక తెలుగు కూడా లేదు.

సీపత్‌లోనూ మోప్కాలోనూ ఎవరో కుర్రాళ్ళని పోగుచేస్తున్నారని విన్నాను. బాంకాక్, వీసా వద్దు, అరవై రోజులు, పర్మిట్ అక్కడే. మాటలు అవే. నోరు కూడా అదే అయి ఉంటుంది. రానీ.

అచ్చియమ్మ
(వేలిముద్ర)


నౌపడ
9 జూన్ 2025

అప్పా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. మేష్టారు గారు సరిచేసుకుని చదవాలి. బావి గట్టు మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు.

త్రినాథ నెలాఖరుకి బిలాస్‌పూర్ వస్తాడు. స్టేషన్ దగ్గర లాడ్జి.

అడుగు. దెబ్బ తగలకుండా అడుగు. నీ చేతి అన్నం తిన్నవాడు.

ఈ ఉత్తరం సంగతి ఫోన్లో అనకు. నా ఫోను వాడి దగ్గరుంది.

చిన్నమ్మి


లింగియాడీహ్
16 జూలై 2025

చిన్నమ్మికి,

మీ ఇంటి బావి పూడ్చి పన్నెండేళ్ళయింది. పూడ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను, మట్టి తట్టలు నేనూ మోశాను. నీ చెయ్యి ఎవరు విరిచారో నువ్వు రాయకపోయినా ఫరవాలేదు. ఎడమ చేత్తో ఆ నాలుగు ముక్కలు రాశావు, అది చాలు.

జరిగినది జరిగినట్టు చెబుతాను. రేపు వకీలుకి కూడా ఇదే చెబుతాను, మేష్టారి దగ్గర ఒక కాపీ ఉంటుంది.

జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం, ఉదయం పదకొండు గంటలకి లాడ్జికి వెళ్ళాను. కింద హాల్లో పదిమంది కుర్రాళ్ళు ఫైళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నీ కొడుకు తెల్ల చొక్కా వేసుకుని వాళ్ళకి ప్రశ్నలు వేస్తున్నాడు. నేను గుమ్మంలోనే, "నాయనా త్రినాథా, ఎండునెత్తళ్ళు వంకాయ వేసి వండాను, రారా" అన్నాను. అందరూ చూశారు. ముసలి పెద్దమ్మ అన్నానికి పిలిస్తే రానంటే ఆ కుర్రాళ్ళ ముందు పరువేముంటుంది? వచ్చాడు.

కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక వాడే అందుకున్నాడు.

"ఏటి పెద్దమ్మా, నా మీద కోపంగా ఉన్నావంట?"

"కోపమేటిరా. తిను."

"ఆడికేటీ అవదు. మొదట్లో అందరికీ అలాగే ఉంటాది. ఆర్నెల్లు ఓర్సుకుంటే టీం లీడర్ని సేస్తారు. నీ మనవడు కొంచెం మెత్తనోడు, అంతే."

"వర్క్ పర్మిట్ వచ్చిందేటి?"

నవ్వాడు చిన్నమ్మీ. అన్నం నోట్లో పెట్టుకునే నవ్వాడు. "పర్మిటేటి పెద్దమ్మా, ఆ నది దాటేక సర్కారే లేదు. ఎవుడిస్తాడు?"

అప్పుడు కొట్టాను. మీ బావ షెడ్డులో వాడిన సుత్తి పీట వెనకాల పెట్టుకున్నాను. వాడి కుడి చెయ్యి కంచంలో ఉంది. చేతినీ కంచాన్నీ కలిపి కొట్టాను. మొదటి దెబ్బకే ఎముకలు విరిగిన చప్పుడు వినిపించింది. రెండోది కూడా వేశాను. రెండోది నీ మణికట్టుకి.

వాడు అరుస్తూ పడిపోయాడు. నేను తలుపు గడియ పెట్టి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. "ఎడమ సెయ్యి ఉంది కదా. ఆ ఫోను తియ్యి. ఎవడికి అప్పజెప్పావో ఆడికి కలుపు" అన్నాను. సుత్తి ఒళ్ళోనే ఉంది. కలిపాడు. అవతలివాడు హిందీలో మాట్లాడాడు. ఏడుస్తూ నీ కొడుకు బతిమాలాడు. అవతలివాడు తొందర కూడా పడలేదు. "దో భేజో, ఏక్ లే జావ్" అన్నాడు. ఇద్దర్ని పంపు, ఒకడిని తీసుకుపో. వాళ్ళకి డబ్బు వద్దట. మనిషికి మనిషి కూడా కాదు, మనిషికి ఇద్దరు.

అప్పుడు నీ కొడుకు, రక్తం కారుతున్న చెయ్యి చొక్కాలో దోపుకుని, నాతో బేరం పెట్టాడు. "జూలై పద్నాలుక్కి మోప్కా కుర్రోళ్ళిద్దరు ఎక్కుతున్నారు. ఆళ్ళు నది దాటితే మనోడు ఇవతలకొచ్చేస్తాడు. నన్నొగ్గెయ్ పెద్దమ్మా. నువ్వు నోరు మూసుకో. అంతకన్నా నువ్వు సెయ్యాల్సిందేటీ లేదు."

గడియ తీశాను. వాడు వెళ్ళిపోయాడు.

మేష్టారు ఇక్కడ రాయడం ఆపి నా ముఖం చూస్తున్నారు. ఆయనకి ఇది ఇప్పుడే తెలుస్తోంది. రాయండి మేష్టారూ. ఆరు రోజులు నేను నోరు మూసుకున్నాను. ఆరు రోజులూ అన్నం తిన్నాను, నిద్రపోయాను. నా మనవడు వస్తాడని వాడి దుప్పటి ఉతికాను.

ఏడో రోజున మోప్కా వెళ్ళాను. ఎందుకంటే ఏమని చెప్పను? ఎవరిని ఇస్తున్నానో చూద్దామని వెళ్ళాను. ఆ కుర్రాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు, ఒకే వాకిలి. త్రినాథకి పెద్దమ్మనని చెబితే ఇద్దరూ వచ్చి కాళ్ళకి దండం పెట్టారు. చిన్నవాడికి ఇంకా గడ్డం సరిగా రాలేదు. "దాదీ, వీసా అక్కర్లేదు, అరవై రోజులు, పర్మిట్ అక్కడే" అని నాకే పాఠం చెప్పాడు. వాడి తల్లి కట్టెల పొయ్యి మీద చీలా, అదే మన బియ్యప్పిండి అట్టు, వేస్తోంది. నాకొకటి పెట్టింది.

పాస్‌పోర్టులు చూపించరా అన్నాను. గర్వంగా తెచ్చి రెండూ నా చేతిలో పెట్టారు. పొయ్యిలో పడేశాను.

ఆ తల్లి నన్ను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చింది. పెద్దవాడి తల్లి చెప్పుతో కొట్టింది. పై పన్ను ఒకటి ఊడింది. వాళ్ళు అలిసేదాకా ఊరుకుని, తరవాత నోట్లో రక్తం ఉమ్మి, వీడియో ఫోను వచ్చినప్పుడు మేష్టారు ఫొటో తీసిపెట్టిన రాజేంద్ర ముఖం నా ఫోన్లో చూపించాను. చెవి చూపించాను. అప్పుడు కూర్చున్నారు.

నీ కొడుక్కి ఇది తెలిసింది. చెయ్యి సంగతి అంతవరకూ బండిలో నలిగిందని ఆసుపత్రిలో చెప్పుకున్నవాడు, ఇప్పుడు నా పేరు చెప్పాడు. ఎనిమిదిన పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. నేను లేదనలేదు, సుత్తి నేనే తీసి ఇచ్చాను. రెండు రోజులు లోపల ఉంచి, వయసు చూసి జామీను ఇచ్చారు. జామీను మీద సంతకం పెట్టింది ఎవరో తెలుసా? నన్ను చెప్పుతో కొట్టినావిడ.

పన్నెండున నా ఫోనుకి వీడియో వచ్చింది. రాజేంద్రని చేతులు పైకి కట్టి వేలాడదీశారు. కాలి వేళ్ళు నేలకి అందీ అందకుండా ఉన్నాయి. ఇద్దరు మనుషులు, ఇనప గొట్టాలు. వాడు నన్ను పిలవలేదు. ఎవరినీ పిలవలేదు. నలభై సెకన్లు. మేష్టారు చూడలేక బయటికి వెళ్ళారు. నేను మూడుసార్లు చూశాను. పొయ్యిలో పాస్‌పోర్టులు వేసిన చెయ్యి నాదే కదా, నేను చూడకపోతే ఎవరు చూస్తారు.

నేను చేసినది ఇది. నువ్వు ఏం చేస్తావో నాకు తెలియదు. ఏమీ చెయ్యకపోయినా ఉత్తరం రాయి.

అచ్చియమ్మ
(వేలిముద్ర)


నౌపడ
20 ఆగస్టు 2025

అప్పా,

కట్టు విప్పారు. కుడి చేత్తోనే రాస్తున్నాను.

బావి అబద్ధం. మేలో నీకు ఫోను చేద్దామని నంబరు నొక్కుతుంటే త్రినాథ చూశాడు. అరవలేదు. "అమ్మా, ఎవులికి సేస్తన్నావు?" అని మెల్లగా అడిగి, నా చెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. రెండోసారి గట్టిగా మూశాడు. తరవాత వాడే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో కొబ్బరిబొండం కొట్టించి తాగించాడు. గొట్టం కూడా వాడే పట్టుకున్నాడు.

ఉగాదికి రాలేదని రాశాను. వచ్చాడు. ఫోను కలవదని రాశాను. ఇంట్లోనే ఉన్నాడు, నీ ఉత్తరం వాడికే చదివి వినిపించాను. ఏమని బదులు రాయాలో చెప్పింది కూడా వాడే. రాజేంద్ర వెళ్ళనన్నాడట అన్న మాట ఒక్కటే నాది. నిన్ను పొడవాలని రాశాను.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. జనవరిలో త్రినాథ అన్నం తింటూ, ఒకడు తక్కువయ్యాడమ్మా, మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారా అన్నాడు. అప్ప మనవడు ఖాళీగా ఉన్నాడు కదా అన్నాను. నేనే అన్నాను. రాజేంద్ర సంగతి వాడికి తట్టలేదు, నేను గుర్తుచేశాను. కూర వడ్డిస్తూ.

నీ ఉత్తరం చదివాక అయిదు రోజులు పడుకున్నాను. తరవాత ఇల్లంతా వెతికాను. వాడి రెండో ఫోను ఉప్పు బస్తాల వెనకాల దొరికింది. అందులో ముప్పై ఒక్కమంది పాస్‌పోర్టుల ఫొటోలున్నాయి. వాళ్ళని పెట్టిన మేడల ఫొటోలున్నాయి, ఏ మేడలో ఎవరో కూడా రాసుకున్నాడు. రాజేంద్ర ఫొటో కింద అయిదో నంబరు మేడ, నాలుగో అంతస్తు అని ఉంది. ఫోను జాకెట్లో పెట్టుకుని బస్సెక్కి టెక్కలి పోలీసుల దగ్గరికి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు నాకు మంచినీళ్ళిచ్చి, "మీ కొడుకే కదమ్మా, ఇంటికెల్లి ఆలోసించుకోండి" అన్నాడు. "ఆలోసించే వచ్చాను బాబూ" అన్నాను. రాసిచ్చాను. సంతకం పెట్టాను. ఆ ఫొటోలు పైవాళ్ళకి, అక్కడినుంచి ఆ దేశంలో మన ఎంబసీకి పంపుతామన్నారు.

వాడిని విశాఖపట్నంలో, చేతికి ఆపరేషను చేయించుకుంటున్న ఆసుపత్రిలో పట్టుకున్నారు. గుర్తుపట్టడానికి నన్ను తీసుకెళ్ళారు. వాడి దగ్గరున్న నా ఫోను నాకిచ్చేశారు. వాడు నన్నేమీ అనలేదు. నీ అప్ప చేసిన పని చూడు అన్నట్టు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు. నేను నా చెయ్యి పైకెత్తి చూపించాను.

స్లాబు సగంలో ఆగిపోయింది. ఊచలు పైకి నిలబడి ఉన్నాయి. ఊళ్ళో ఎవరూ మాట్లాడటం లేదు. నేను నీకు ఇంకా చెల్లెలినో కాదో నువ్వు చెప్పాలి.

చిన్నమ్మి


లింగియాడీహ్
7 డిసెంబరు 2025

చెల్లి చిన్నమ్మికి,

చెల్లెలివే. ఆ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు ఏమీ అనుకోకు. వాడు వస్తాడో రాడో తెలియకుండా రాయలేకపోయాను.

రాజేంద్ర వచ్చాడు. నవంబరు ఇరవై రెండున. నువ్విచ్చిన ఫోనులోని మేడ నంబరు చూసే వాడి పేరు జాబితాలో చేర్చారట. అక్టోబరు నెలాఖరులో ఆ మేడల మీద దాడి జరిగినప్పుడు కొంతమందితో పాటు వాడూ నది దాటి ఇవతలకొచ్చాడు. థాయిలాండ్‌వాళ్ళు మూడు వారాలు షెడ్డుల్లో ఉంచి విచారించారు, ఎప్పుడు దిగావు, ఎందుకు గడువు మీరింది, అవతల ఏం పని చేశావు అని. తరవాత విమానం ఎక్కించారు.

పదిహేడు కిలోలు తగ్గాడు. ఎడమ చెవి వినపడదు. మడమ నేలకి ఆనించలేడు, పిల్లిలాగ నడుస్తాడు. గోడకి వీపు ఆనితేగాని కూర్చోడు. నేను గరిటె ఎత్తితే మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. ఆ మోచెయ్యి చూసినప్పుడల్లా నా గుమ్మం గుర్తొస్తుంది.

తొమ్మిది రోజులు ఆగి చెప్పాను. నా దెబ్బ సంగతి ముందు చెప్పాను. తరవాత, "ఇద్దర్ని పంపితే నిన్నొగ్గేస్తామన్నార్రా. జూలైలోనే వొచ్చేసేవోడివి. నేను పంపలేదు. నిన్ను యేలాడగట్టింది అందుకే" అన్నాను. తిట్టనీ అనుకున్నాను.

"పంపినా నన్నొగ్గేవోరు కాదు నాన్నమ్మా. ఆళ్ళని నాకే అప్పజెప్పేవోరు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. ఆగస్టు నుంచి వాడిని టీం లీడరు కింద పెట్టారట. కొత్తగా వచ్చినవాళ్ళు లెక్క తప్పితే కరెంటు కర్ర వాడి చేతికిచ్చేవారు. సెప్టెంబరులో జయప్రకాష్ అని ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు వచ్చాడు. మన వైపువాడే, సోంపేట. వాడిని పంపింది కూడా నీ కొడుకేనట, పట్టుబడకముందే; వేరే మేడలో ఉంచి తరవాత ఇక్కడికి మార్చారట. తెలుగువాడివి కదా, నీ తెలుగువాడిని నువ్వే చూసుకో అన్నారట.

"మొదట మెల్లగా కొట్టాను. ఆళ్ళు పట్టేసారు. గట్టిగా కొట్టకపోతే ఇద్దర్నీ యేలాడగడతామన్నారు. గట్టిగా కొట్టాను. ఆడు నన్ను అన్నా అని పిలిసేవోడు. కొడతంటే కూడా అన్నా అన్నాడు. మర్నాడు పొద్దున్న నాలుగో అంతస్తు నుంచి దూకేశాడు."

నా చెయ్యి లేచింది చిన్నమ్మీ. ఎవరి మీదకి లేచిందో తెలియక దించేసుకున్నాను.

విచారణలో ఈ మాట చెప్పలేదట. ఎవరూ అడగలేదట. జయప్రకాష్ వాళ్ళమ్మ మీనాక్షి నంబరు వాడికి నోటికొచ్చు, ఆ కుర్రాడే చెప్పి ఉంచాడు. నేను ఫోను చేయించాను. మీ అబ్బాయితో కలిసి పనిచేసినవాడి నాన్నమ్మని అన్నాను. ఆవిడ నన్ను మాట్లాడనివ్వలేదు. మా బాబు పేరు వచ్చే జాబితాలో ఉంటుందన్నారండి, మీవాడు చూశాడా, చిక్కిపోయాడా, అన్నం తింటున్నాడా అని అడుగుతూనే ఉంది. ఫోనులో చెప్పే మాట కాదు. మీ ఇంటికి వస్తాం అని పెట్టేశాను.

"నువ్వు సెప్పు నాన్నమ్మా, నాకు నోరు రాదు" అన్నాడు రాజేంద్ర.

"కొట్టినోడివి నువ్వు. నువ్వే సెప్పాల" అన్నాను.

నా కేసు జనవరిలో విచారణకి వస్తుంది. కొట్టావా అంటే కొట్టాననే చెబుతాను. వకీలుకి అది నచ్చడం లేదు. జామీను కాగితంలో జిల్లా దాటకూడదని ఉంది, అడిగి నాలుగు రోజులకి అనుమతి తెచ్చుకున్నాను. పద్దెనిమిదో తారీకు గురువారం ఇక్కడ బండెక్కి, విజయనగరంలో మారి, శుక్రవారం నీ స్టేషన్ మీదుగా వెళతాం. విజయనగరంలో ఎక్కాక ఏ పెట్టెలో ఉన్నామో ఫోను చేస్తాను. నువ్వు నౌపడలో మా పెట్టె ఎక్కు. కుంటిసాకులు చెప్పకు. వాళ్ళ కొడుకుని పంపినవాడి తల్లివి నువ్వు, కొట్టినవాడి నాన్నమ్మని నేను. ముగ్గురం కలిసే ఆ గుమ్మం ఎక్కాలి.

వాడు చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ మీద పడుతుంది. పడనీ. చేతికి ఏది దొరికితే దానితో కొడుతుంది. నువ్వు మధ్యలోకి వెళ్ళకు, వాడి కాళ్ళు పట్టుకుని ఏడవకు, ఆవిడ కాళ్ళు పట్టుకోకు. వాడు మోచెయ్యి అడ్డం పెట్టుకోనని నాకు మాటిచ్చాడు. పెట్టుకుంటాడేమో, అది వాడి చేతిలో లేదు.

ఒక్కటి మాత్రం చూడు. వాడిని చావనివ్వకు. ఆ పిల్లాడిని నది గట్టున ఏ చెట్ల మధ్య పూడ్చారో వాడొక్కడికే తెలుసు. గొయ్యి తవ్వించింది వాడి చేతే. కొట్టి కొట్టి ఆవిడ అలిసిపోయాక, ఆ చోటు వాడు చెప్పాలి. దెబ్బ ప్రాణం మీదకొస్తేనే అడ్డం వెళ్ళు, అంతవరకే.

అచ్చియమ్మ
(వేలిముద్ర)